నా స్వభావానికి ఒక నల్లపోగు

మా చిన్నతనంలో, అందునా షోలాపూర్ భవాని పేట్‌లోని మా వాడలో, ఒక మనిషి ఎలాంటివాడో చెప్పడానికి ఎవరూ ఎక్కువ మాటలు ఖర్చుపెట్టేవారు కాదు. "మంచోడే పాపం" అంటే ఒక రకం. "మంచోడే గానీ..." అని ఆపేస్తే ఇంకో రకం. ఆ "గానీ" తర్వాత ఏముందో అందరికీ తెలిసిందే కాబట్టి ఎవరూ పూర్తి చేసేవారు కాదు. ఇక తన గురించి తానే చెప్పుకోవడమన్నది మా వాళ్లకు తెలియనే తెలియదు. "నేను ఓర్పు గలదాన్ని, దయ గలదాన్ని" అని ఎవరైనా తన నోటితో తానే అంటే జ్వరం తగిలిందేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేవారు. ఇప్పటి పిల్లలు ఉద్యోగాలకు వెళ్తూ తమ గుణగణాలను గడగడా అప్పజెప్పుకుంటుంటే నాకు ముచ్చటేస్తుంది. ఆ వెంటనే మనసులో చిన్న ముడి కూడా పడుతుంది. అది కొత్త ముడి కాదు. నేను మెట్రిక్ పాసైన ఏడాది పడింది, ఇంతవరకు పూర్తిగా విడిపోలేదు.

మాది వీధి వైపు ఒక ఖోలీ, లోపల ఒక ఖోలీ. ఖోలీ అంటే గదే, కాకపోతే గది అని గొప్పగా చెప్పుకోలేనంత చిన్నది. వీధి వైపు దాంట్లో మా బాపు మగ్గం. ముంగిట్లో మా అమ్మ, బాపమ్మ, ఇరుగుపొరుగు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని పొద్దస్తమానం బీడీలు చుట్టేవారు. (బాపు అంటే నాన్న, బాపమ్మ అంటే ఆయన్ని కన్నతల్లి. మా తాతలు కరీంనగర్ వైపు నుంచి నూలు పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చినప్పుడు సామాన్లు పెద్దగా తెచ్చుకోలేదు కానీ ఈ పిలుపులు మాత్రం భద్రంగా తెచ్చుకున్నారు.) ఆ వాడలో ఒక ఆడపిల్ల మెట్రిక్ పాసవడం వింత. పేడాలు పంచారు, దిష్టి తీశారు. తర్వాత ఆ పాసును ఏం చేసుకోవాలో మాత్రం ఎవరికీ తోచలేదు. నాకు అసలే తోచలేదు. నేను చిన్నప్పటి నుంచీ పిరికిదాన్ని. బల్లికి భయం, మెట్లకు భయం, రక్తానికి భయం, కొత్త మనిషి గుమ్మంలోకి వస్తే భయం. పాసైనందుకు కూడా, ఎవరి నెంబరో నాకు పడిందేమో, వచ్చి వెనక్కి తీసేసుకుంటారేమో అని వారం పాటు భయపడ్డాను.

అలాంటి సమయంలో ఎదురు ఖోలీలో ఉండే ఆయత్త కబురు తెచ్చింది. ఆమె పెద్దాసుపత్రిలో ఆయాగా చేసేది కాబట్టి వాడంతా ఆమెను ఆయత్త అనే పిలిచేది. ఆసుపత్రిలో నర్సు ట్రైనింగుకు మెట్రిక్ చదివిన పిల్లల్ని తీసుకుంటున్నారట. తిండి, బస అక్కడేనట. తెల్లచీర ఇస్తారట. ఆ తెల్లచీర మాట వినగానే నా భయాలన్నీ ఒక పక్కకు జరిగి ఒక కోరికకు చోటిచ్చాయి. నాకు ఆ ఉద్యోగం కావాలనిపించింది. అమ్మ వంగిన నడుముతో చాట దించి లేచేటప్పుడు గోడ పట్టుకోవడం రోజూ చూస్తున్నాను. తంబాకు ఘాటుకు దగ్గుతూనే నవ్వుతూ మాట్లాడే ఆడవాళ్లను చూస్తున్నాను. ఆ పని నీచమని నేనెప్పుడూ అనుకోలేదు, ఆ బీడీల మీదే నేను చదువుకున్నాను. కానీ నాకు ఆ చాట వద్దు. ఆ మాట పైకి అనే ధైర్యం లేక బాపు ముందు నిలబడి ఏడ్చాను.

బాపు మగ్గం ఆపలేదు. పోగును మోసే నాడె అటూ ఇటూ రెండుసార్లు పరుగెత్తాక అన్నాడు.

"ఒక్క తడువ పోయి రా బిడ్డా. తీస్కుంటే బరం, మంచిదే. తీస్కోకుంటే మాత్రం మల్ల నౌకరి ముచ్చట ఎత్తద్దు. మీ అమ్మ పక్కన కూసో."

మర్నాడు బజారుకు పోయి ఒక కొత్త చాట కొనుక్కొచ్చి నా కళ్లెదురుగా మేకుకు తగిలించాడు. నన్ను బెదిరించాలని కాదు. ఆయన ఏ పనికైనా ముందే సరంజామా సిద్ధం చేసి పెట్టుకునే మనిషి. ఉద్యోగం వస్తే కావలసిన సరంజామా ఏమిటో ఆయనకు తెలియదు. రాకపోతే కావలసింది తెలుసు, అది తెచ్చాడు. ఆ చాట పసుపుపచ్చగా, వెదురు వాసనతో, నేను ఎటు తిరిగితే అటు చూస్తున్నట్టుండేది. అన్నం తింటుంటే అదే, తల దువ్వుకుంటుంటే అదే.

రెండో కబురు కూడా ఆయత్తే తెచ్చింది. ఆసుపత్రి మేట్రన్ గోవా వైపు మనిషి, ఇంగ్లీషు తప్ప ఇంకోటి నోట రాదు, నవ్వు అసలే రాదు. వచ్చిన పిల్లలందర్నీ ఒక్కటే ప్రశ్న అడుగుతుందట.

"ఏమడుగుతది అత్తా? లెక్కలా?" అన్నాను ఆశగా.

"లెక్కలు గాదే. నువ్వెట్లాంటి దానివి, చెప్పు అంటదట. గంతే."

లెక్కలడిగితే తప్పో ఒప్పో చెప్పవచ్చు. నేనెట్లాంటిదాన్ని అంటే ఏం చెప్పను? తెలుగులోనే తెలియదు, ఇంగ్లీషులో ఎలా చెప్పను? అమ్మను అడిగితే "ఏమో, నా బిడ్డవు" అంది. అది మేట్రన్‌కు చెప్పుకోదగ్గ జవాబులా అనిపించలేదు.

అప్పుడు రంగంలోకి దిగాడు మా గ్రామర్ మామ. మా అమ్మకు స్వయానా తమ్ముడు, ఒక మిల్లు ఆఫీసులో టైపు చేసేవాడు. మనిషి సన్నగా గడకర్రలా ఉండేవాడు కానీ ఇంగ్లీషు మాట వస్తే ఛాతీ ఒక అంగుళం పెరిగేది. ఆయన సాయంత్రాలు వచ్చి ముంగిట్లో బీడీలు చుట్టే ఆడవాళ్ల మధ్యనే నాకు పాఠం మొదలుపెట్టాడు.

"చూడు పోరీ, మనిషి గుణానికి ఇంగ్లీషుల రెండు రూపాలుంటయ్. నూలుకు ఎక్కిన ఎరుపు ఒకటి, రంగు కుండల ఉన్న ఎరుపు ఒకటి. ఎర్రనూలు అన్నట్టు ఆనెస్ట్ మనిషి అంటం. ఎరుపు అన్నట్టు ఆనెస్టీ అంటం. ప్రౌడ్, ప్రైడ్. జెలస్, జెలసీ. యాంగ్రీ, యాంగర్. సమజైందా?"

సమజైంది. రంగులద్దే వాడలో పుట్టినదాన్ని, అది ఎందుకు సమజ్ కాదు? కానీ నన్ను కలవరపెట్టింది ఇంకోటి. మన భాషలో భయం వేస్తుంది, కోపం వస్తుంది, సిగ్గేస్తుంది. అవన్నీ చుట్టాల్లా ఎక్కడినుంచో వస్తాయి, కాసేపుండి పోతాయి, మనం ఉన్నచోటే ఉంటాం. ఇంగ్లీషులో అలా కాదు, "ఐ యామ్ అఫ్రెయిడ్" అనాలట. అంటే మనిషిని నిలువునా అందులో ముంచి తీయడమే. ఆ వాక్యం మొదటిసారి పలికిన రోజు నాకు నిజంగానే చెమటలు పట్టాయి. "మామా, గీ భాష మాట్లాడితే భయం ఎక్కువైతుంది" అంటే, "భయం సంగతి మనకెందుకే, మంచి గుణాలు చూద్దాం" అని ఒక అచ్చు తయారు చేసి ఇచ్చాడు. ఏ గుణాన్నయినా అందులో పోస్తే నాలుగు వాక్యాలు టకటకా బయటపడతాయి. "ఐ యామ్ ఆనెస్ట్. ఐ హావ్ ఆనెస్టీ. ఐ యామ్ ఏ గర్ల్ ఆఫ్ ఆనెస్టీ. మై ఆనెస్టీ ఈజ్ నోన్ టు ఆల్." నా నిజాయితీ సర్వులకూ తెలిసినదే అని చివరి వాక్యం. (నా నిజాయితీ సంగతి మా వీధి చివరిదాకా కూడా ఎవరికీ తెలియదు, అది వేరే విషయం.)

పొద్దున లేచింది మొదలు నేను ఆ అచ్చు తిప్పుతూనే ఉన్నాను. నీళ్లు తెస్తూ ఓర్పు, గిన్నెలు తోముతూ దయ, వాకిలి ఊడుస్తూ ఉల్లాసం. విని విని బీడీలు చుట్టే ఆడవాళ్లకు కూడా నోటికి వచ్చేసింది. తునికాకు కత్తిరిస్తూ ఒకామె "కైండ్" అంటే తంబాకు పోస్తూ ఇంకోకామె "కైండ్‌నెస్" అనేది. వాళ్లకు మంచి గుణాలకంటే చెడ్డవి బాగా పనికొచ్చాయి. కుళాయి దగ్గర "ఏం జెలసీ నీది!" అని తిట్టుకోవడం మొదలైంది. మా బాపమ్మకైతే "ప్రైడ్" అన్న మాట మహా ఇష్టం. మేక దండెం మీది బట్ట నమిలితే మేకను కూడా అలాగే తిట్టేది. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, చూపు చాట మీద పడేదాకా.

వెళ్లవలసిన రోజు రేపనగా గ్రామర్ మామ నన్ను ముంగిట్లో నిలబెట్టి మొత్తం అప్పజెప్పించాడు. నేను తడబడకుండా చెప్పాను. ఆడవాళ్లు చాటలు ఆపి విన్నారు. అమ్మ కళ్లు తుడుచుకుంది. బాపమ్మ మాత్రం "తెలుగుల చెప్పు తమ్మీ, ఏమంటున్నది పోరి?" అని అడిగింది. మామ ఒక్కో వాక్యం విప్పి చెప్పాడు. నిజాయితీ గలదట, ఓర్పు గలదట, దయ గలదట, ఎప్పుడూ నవ్వుముఖమట, అవన్నీ సర్వులకూ తెలుసట.

బాపమ్మ చేతిలో కత్తెర కింద పడింది.

"అన్నీ మంచియేనా? ఓ దేవుడా! పెండ్లిగాని పిల్ల, నలుగురి ముందట నిలవడి అన్నీ మంచియే చెప్పుకుంటదా? దిష్టి తాకదా? నల్లపోగు ఏది దీంట్ల?"

ఇక్కడ మా ఇంటి ఆనవాయితీ ఒకటి చెప్పాలి. మా బాపు ఎంత మంచి చద్దరు నేసినా అంచులో ఒక చోట ఒకే ఒక్క నల్లపోగు వేసేవాడు. చద్దరు ఏ రంగుదైనా సరే, పసిపాప బుగ్గన చుక్క పెట్టినట్టు, ఆ పోగు పడకుండా బట్ట మగ్గం దిగేది కాదు. ఏ లోపమూ లేని వస్తువు మీదనే పదిమంది కళ్లు పడతాయని మా వాళ్ల నమ్మకం. నల్లపోగు లేని బట్టను బాపమ్మ ఇంట్లో ముట్టుకోనిచ్చేది కాదు.

గ్రామర్ మామ తల పట్టుకుని బాపమ్మ వైపు తిరిగాడు. "అగ ఆయీ, అది బట్ట గాదు, ఇంటర్వ్యూ! గక్కడ చెడ్డగుణం చెప్తే ఎవడన్న నౌకరి ఇస్తడా?"

"నువ్వు ఊకో. చెడ్డగుణం ఒక్కటి ఉంటే బట్టకేం గాదు. చిన్నది జూసి పెడ్తం."

చివరికి మగ్గం మీంచి బాపు గొంతు వినిపించింది. "అమ్మ చెప్పింది నిజమే. నల్లపోగు ఉండాలె." ఇక ఎవరూ ఎదురు చెప్పలేదు. మిగిలింది ఒక్కటే, ఏ చెడ్డగుణం పెట్టాలి?

నేను అమాయకురాలిని. ఆలోచించడానికి వాళ్లకు కాస్త సమయం పడుతుందనుకున్నాను. పట్టలేదు. "పొద్దెక్కేదాక లేవది, గది పెట్టు" అంది ఒకామె. "పని చెప్తే చెవులు ఇనబడయి దీనికి" అంది పక్కింటి పెద్దమ్మ. "మొండిది." "ఊకె ఏడుస్తది." "ఎవ్వలన్న మంచి చీర కట్టుకుంటే మొకం ముడుస్తది." మామ పాపం ఒక్కోదానికి ఇంగ్లీషు వెతుక్కుంటూ "లేజీ, లేజీనెస్... స్టబ్బర్న్..." అంటూ వెనకబడిపోయాడు. నా మంచి గుణాలు నాలుగు వెతకడానికి అన్ని రోజులు పట్టిందే, చెడ్డవి ఇంత సిద్ధంగా ఎలా ఉన్నాయని నాకు ఏడుపొచ్చింది. "చూసిన్రా, ఏడుస్తున్నది" అని ఇంకొకామె సాక్ష్యం చూపించింది.

బాపమ్మ చెయ్యెత్తి అందర్నీ ఆపింది. "గవన్నీ గావు. నల్లపోగు నిజమైంది ఉండాలె, అబద్ధపుది దిష్టి ఆపది. దీనికి పుట్టినకాడి నుంచి ఉన్నది ఒక్కటే. భయం. గది పెట్టు తమ్మీ."

ఎవరూ కాదనలేదు. ఆ ఒక్క విషయంలో మాత్రం నా గుణం సర్వులకూ తెలిసినదే.

గ్రామర్ మామ నన్ను వీధి మలుపు దాకా తీసుకుపోయి గొంతు తగ్గించి చెప్పాడు. "నర్సు నౌకరికి పోయి భయం అంటవా? పిచ్చా? గా పోగు మింగెయ్. ఇంటికొచ్చి ఏసిన అని చెప్పు, ఎవలు జూసిండ్రు?" నేను తలూపాను. మర్నాడు పొద్దున బయల్దేరుతుంటే బాపు మగ్గం ఆపి, నా వైపు చూసి, "నల్లపోగు మర్వకు బిడ్డా" అన్నాడు. ఆయన నా కోసం మగ్గం ఆపడం నేనెరిగి అదే మొదటిసారి. ఆయనకూ తలూపాను.

దారి పొడుగునా అమ్మ నా చెయ్యి పట్టుకుని నడిచింది. అశోక్ చౌక్ దాటేసరికి దయ మర్చిపోయాను. ఆసుపత్రి గేటు కనిపించేసరికి ఓర్పు పోయింది. అమ్మను గేటు బయటే ఆపేశారు. లోపల బెంచీ మీద నాలాంటి పిల్లలు చాలామంది కూర్చుని పెదవులు కదిలిస్తున్నారు. అందరి ముఖాల్లోనూ ఏదో ఒక అచ్చు తిరుగుతున్నట్టే ఉంది. మందుల వాసన, ఎక్కడో పళ్లెం కిందపడ్డ చప్పుడు, తలుపు దగ్గర పేర్లు పిలుస్తున్న ఆయత్త. నన్నెరుగనట్టు నిలబడింది కానీ నా పేరు మాత్రం అవసరం లేకుండా రెండుసార్లు పిలిచింది.

మేట్రన్ బల్ల వెనకాల నిటారుగా కూర్చుని ఉంది. గంజి పెట్టిన తెల్లబట్టలు, ముక్కు మీద కళ్లద్దాలు. ముఖంలో కోపం లేదు, దయ లేదు, మామ నేర్పిన గుణాల్లో ఏదీ లేదు. కూర్చోమని చూపించి ఇంగ్లీషులో అడిగింది, నువ్వెలాంటి అమ్మాయివి అని.

నోరు తెరిచాను. దేవుడి దయ, అచ్చు తిరిగింది. ఆనెస్టీ నాలుగు వాక్యాలు, పేషెన్స్ నాలుగు వాక్యాలు, కైండ్‌నెస్, చీర్‌ఫుల్‌నెస్, అన్నీ వరుసగా బయటికొచ్చాయి. ఒక్క తప్పు లేదు. మేట్రన్ మాత్రం కిటికీలోంచి బయటి వేపచెట్టు వైపు చూస్తోంది. పొద్దున్నుంచి ఈ గుణాలనే వింటోందని నాకు అప్పుడు అర్థమైంది. నేను ఆపాక ఆమె ఇటు తిరిగి, "అంతేనా?" అంది.

అంతే అంటే సరిపోయేది. మామ చెప్పింది కూడా అదే. కానీ ఆ మాట వినగానే నాకు మగ్గం ఆపి చూసిన బాపు ముఖం గుర్తొచ్చింది. ఇన్ని మంచి మాటలు నల్లపోగు లేకుండా గాల్లో వేలాడుతున్నాయి. గేటు దగ్గర అమ్మ ఒక్కతే నిలబడి ఉంది. ఏ లారీ వస్తుందో, ఏ దిష్టి ఎక్కడ తాకుతుందో!

"ఐ యామ్ అఫ్రెయిడ్" అన్నాను.

మేట్రన్ కళ్లద్దాలు సర్దుకుంది. అక్కడితో ఆగవలసింది. కానీ మామ అచ్చు మామూలుది కాదు, ఒకటి పోస్తే నాలుగూ పడాల్సిందే. "ఐ హావ్ ఫియర్. ఐ యామ్ ఏ గర్ల్ ఆఫ్ ఫియర్. మై ఫియర్ ఈజ్ నోన్ టు ఆల్."

తలుపు దగ్గర ఆయత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

దేనికి భయం అని అడిగింది మేట్రన్. ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. రక్తం అన్నాను, సూది అన్నాను, మెట్లు అన్నాను, బల్లికి ఇంగ్లీషు తెలియక చేత్తో గోడ మీద పాకించి చూపించాను. చివరికి ఆమె వైపే వేలు చూపి "యూ ఆల్సో" అన్నాను. ఒక్క పోగు వేయమని పంపితే ఉండ మొత్తం విప్పేశాను. ఇక చాటే గతి అని నాకు అక్కడే తెలిసిపోయింది.

మేట్రన్ నవ్వలేదు, కసరలేదు. "భయమేస్తే ఏం చేస్తావు?" అని అడిగింది. దీనికి మామ ఏ అచ్చూ ఇవ్వలేదు. ఆమె చూపు నా ఒళ్లోకి దిగింది. నేనూ కిందికి చూసుకున్నాను. నా చేతులు నాకు చెప్పకుండానే నా కొంగు చివరను చుడుతున్నాయి. చుట్టి, బిగించి, విప్పి, మళ్లీ చుడుతున్నాయి. అది అచ్చం బీడీలా, సన్నగా, గట్టిగా ఉంది.

ఆమె బల్ల పక్కనున్న బుట్టలోంచి ఒక గుడ్డ పేలిక తీసి నా ముందు పడేసింది. అప్పట్లో గాయాలకు కట్టే గుడ్డల్ని ఉతికి ఆరేసి మళ్లీ చుట్టి వాడేవారు. బుట్ట నిండా అలాంటివే ఉన్నాయి, చిక్కుపడి. చుట్టు అన్నట్టు వేలు తిప్పింది. వద్దన్నా ఆగని చేతులు, చుట్టమంటే ఆగుతాయా? చుట్టేశాయి. చుట్టి ఊరుకోకుండా, బీడీ మూతి మూసినట్టు కొసను గోటితో లోపలికి నొక్కాయి. నొక్కి ఊరుకోకుండా, అంచు నుంచి వేలాడుతున్న దారప్పోగు లాగి ఒక ముడి కూడా వేశాయి. అప్పటికి గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. ఆసుపత్రి కట్టును బీడీ చేసి మేట్రన్ బల్ల మీద పెట్టాను!

ఆమె దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. బల్ల మీద దొర్లించింది. విడిపోలేదు. బుట్టను కాలితో నా వైపు నెట్టి, మూలనున్న ముక్కాలిపీట చూపించి, ఆయత్తతో తర్వాతి పిల్లను పిలవమంది.

నన్ను పొమ్మనలేదు, ఉండమనలేదు. మూల కూర్చుని చుడుతూనే ఉన్నాను. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తమ ఓర్పు, తమ దయ అప్పజెప్పి వెళ్తున్నారు. ఒక పిల్ల నన్ను ఆసుపత్రి మనిషి అనుకుని "నమస్తే సిస్టర్" అని దండం పెట్టింది. భయపడి తిరిగి దండం పెట్టాను. ఆ చుట్టడంలో ఎప్పుడో ఒకప్పుడు నా వణుకు తగ్గింది కానీ, తగ్గిందన్న సంగతి కూడా గమనించలేదు. బుట్ట ఖాళీ అయ్యాక మేట్రన్ తలెత్తి, "ఇక వెళ్లు" అంది. అంతే.

గేటు దగ్గర అమ్మ ఏడుపు ముఖంతో ఉంది. పిల్లలందరూ వెళ్లిపోయారు, నేనొక్కదాన్నే రాలేదు.

"గింతసేపు లోపట ఏం జేసినవే?"

"కట్లు చుట్టిన అమ్మా."

"చుట్టినవా? గా చుట్టుడు ఇంట్ల లేదా? దానికి గింతదూరం రావాల్నా!"

ఇంటికి చేరేసరికి అందరూ ముంగిట్లోనే ఉన్నారు. గ్రామర్ మామ మిల్లుకు సెలవు పెట్టి వచ్చి కూర్చున్నాడు. బాపమ్మ ఒక్కటే అడిగింది. "నల్లపోగు ఏసినవా?"

"ఏసిన బాపమ్మా. కొంచెం ఎక్కువే పడ్డది."

జరిగిందంతా చెప్పాక మామ ఛాతీ అంగుళం కాదు, రెండంగుళాలు తగ్గిపోయింది. "యూ ఆల్సో అన్నవా? మేట్రన్‌ను పట్టుకొని?" అని పదేపదే అడిగాడు. బాపు లేచి మేకు మీది కొత్త చాట దించి, దుమ్ము తుడిచి, అమ్మ పక్కన పెట్టి మగ్గం దగ్గరికి వెళ్లిపోయాడు. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నేను వెళ్లి ఆ చాట ముందు కూర్చున్నాను. ఏ బీడీ ఎలా చుట్టానో తెలియదు, కళ్లనిండా నీళ్లే. ఆ రాని తెల్లచీర మీద నాకు అంత ఆశ ఉందని అప్పుడే తెలిసింది. ఆయత్త వాళ్ల ఊళ్లో ఎవరికో బాగాలేదని ఆ సాయంత్రమే బండెక్కింది. లోపలి కబురు చెప్పేవాళ్లు కూడా లేరు. రోజులు గడిచాయి. వీధిలో సైకిలు గంట మోగితే పోస్టుమేన్ అనుకుని చేతిలో బీడీ ఆపేదాన్ని. అది పాలవాడిదని తెలిశాక మళ్లీ చుట్టేదాన్ని.

ఊరి నుంచి వచ్చిన ఆయత్త ఒకరోజు డ్యూటీకి పోయి, పోయిన దారినే పరుగెత్తుకుంటూ తిరిగొచ్చింది. నన్ను చాట ముందు చూసి గుండెలు బాదుకుంది.

"నువ్వు గీడ కూసున్నవేందే! మేట్రన్ గక్కడ గరమైతున్నది. భయం పిల్ల ఏది, భయం పిల్ల ఎందుకొస్తలేదు అని అందర్ని తిడుతున్నది. కట్ల బుట్ట నిండి కిందవడుతున్నదట!"

"నన్ను తీసుకున్నట్టు నాకెవ్వరు చెప్పిన్రు అత్తా?"

"తీస్కోకుంటే అన్ని కట్లు ఎందుకు చుట్టిస్తదే! పనిల వెట్టినంక మల్ల చెప్పుడేంది?"

అంటే నేను ఇంట్లో కూర్చుని రాని ఉద్యోగం కోసం ఏడ్చిన రోజులన్నీ, ఆ ఉద్యోగానికి నేను ఎగ్గొట్టిన రోజులన్నమాట. సంతోషించడానికి ముందు, ఆలస్యానికి ఏమంటుందోనని మళ్లీ వణుకు పుట్టింది. బాపమ్మ మాత్రం అందర్నీ గర్వంగా చూసింది. "చూసిన్రా? నల్లపోగు ఉండబట్టే బట్ట అమ్ముడువోయింది." బాపు మగ్గం దిగి వచ్చాడు. నా తల మీద చెయ్యి పెట్టాడు. చాట వైపు చూసి, "గిది కూడ తీస్కపో. గక్కడ గూడ చుట్టుడే గదా" అన్నాడు. ఆయన తెచ్చిన సరంజామా వృథా పోకూడదు కదా.

అలా, ఏ చాటను తప్పించుకుందామని బయల్దేరానో ఆ చాటను చంకన పెట్టుకునే నర్సు ట్రైనింగులో చేరాను. మేట్రన్ దాన్ని చూసి ఏమిటని అడగలేదు. కట్లు అందులో పోసింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు నేను ఎందరో కొత్త పిల్లలకు కట్లు చుట్టడం నేర్పాను. మా ఆసుపత్రి కట్లన్నిటికీ కొస గోటితో నొక్కి ఉండేది. కొత్తగా వచ్చిన డాక్టర్లు ఇదేదో పెద్ద పద్ధతి అనుకునేవారు. నేను ముంగిట్లో తునికాకు మీద నేర్చుకున్నదని ఎవరికీ చెప్పలేదు. భయం మాత్రం పోలేదు. వార్డు తలుపు తోసే ప్రతిసారీ వచ్చేది, చేతులకు పని దొరకగానే పోయేది. చుట్టంలా వచ్చి పోయే భయమే గానీ, మామ ఇంగ్లీషులో చెప్పినట్టు నేను నిలువునా అందులో మునిగింది ఆ ఒక్కరోజే.

ఇప్పుడు తీరిక ఎక్కువైంది కాబట్టి ఆ పిల్ల తరచుగా గుర్తొస్తుంది. మేట్రన్ గదిలో మూలన, ముక్కాలిపీట మీద, తనను అప్పుడే తీసేసుకున్నారన్న సంగతి తనకే తెలియక, వణుకుతూ కట్లు చుడుతూ కూర్చున్న పిల్ల. వెనక్కి వెళ్లి దాని చెవిలో "నీకు ఉద్యోగం వచ్చేసిందే పిచ్చిదానా, ఇక భయపడకు" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా నమ్మదు. నన్ను చూసి కూడా భయపడి, ఇంకో బుట్ట ఉంటే ఇవ్వమంటుంది.